సనదు ముందా, పని ముందా? – ప్రాజెక్టు నిర్వహణ ధ్రువపత్రముల ఎంపిక

మన పట్టణమునకు పేరు వచ్చినదే కాగితము వలన. 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు స్థాపితమైన పిదప ఇచటి పల్లె కాగజ్‌నగర్‌గా ప్రసిద్ధికెక్కినది. 'కాగజ్' ఉర్దూ నుండి మనకు అందిన మాట. 'సనదు' కూడ అట్లే వచ్చి తెలుగులో స్థిరపడినది. ఈ రెండింటికిని సంబంధించిన ఒక సమస్యను విద్యార్థుల ముందుంచుటకు ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

రెండేండ్ల క్రిందట మా పూర్వ విద్యార్థి ఒకడు మా యింటికి వచ్చినాడు. బి.కాం. పూర్తిచేసి హైదరాబాదులో ఒక శిక్షణ కేంద్రమున ప్రాజెక్టు నిర్వహణ కోర్సు చేసినాడు. రుసుము నలుబది వేల రూపాయలు. చేతిలో రంగురంగుల పత్రమున్నది గాని ముఖమున కళ లేదు. "అబ్బా చిట్టీ ఎత్తి ఫీజు కట్టిండు సార్. ఇగ పరీక్ష రాద్దామని చూస్తే మూడేండ్ల అనుభవం చూపమంటున్నరు. నాకెక్కడిది సార్?" అన్నాడు. అతని చేతిలోనిది ముప్పదియైదు గంటలు తరగతిలో కూర్చున్నట్లు తెలుపు హాజరు పత్రము మాత్రమే. దానినే అసలు సనదుగా అతడు భావించినాడు. ఏదో ఒక కంపెనీ పేరుతో అనుభవ పత్రము ఇప్పింతుమని ఆ కేంద్రము వారు చెప్పిరట. దానికి వేరే రుసుము.

ఈ పొరపాటు ఎచట మొదలైనదో తెలియవలెనన్న ప్రాజెక్టు అనగా నేమో ముందుగా గ్రహింపవలెను. మిల్లులో దినదినమును కాగితము తీయుట ప్రాజెక్టు కాదు, అది నిత్యకృత్యము. 2014లో మూతబడిన అదే మిల్లును 2018లో జె.కె. పేపర్ సంస్థ చేపట్టి తిరిగి నడిపించుట ప్రాజెక్టు. రామగుండమున 1999లో ఆగిపోయిన ఎరువుల కర్మాగారము స్థానమున క్రొత్తది నిర్మించి 2021లో ఉత్పత్తి ప్రారంభించుటయు అట్టిదే. మొదలును తుదియు గలది, ఇంత సొమ్ములో ఇంత కాలములో ముగియవలెనను కట్టుబాటు గలది ప్రాజెక్టు.

దీనికి మన ప్రాంతపు కార్మిక కుటుంబములకు సుపరిచితమైన ఉదాహరణ ఒకటి కలదు. అదే షట్‌డౌన్. యంత్రములనాపి కొన్ని దినములలో మరమ్మతులన్నియు ముగింపవలెను. బాయిలరు చల్లారనిదే లోనికి మనిషి దిగరాదు. దిగి శుభ్రపరుపనిదే తనిఖీ జరుగదు. తనిఖీ కానిదే నిప్పు పెట్టరాదు. ఈ వరుసలో ఒక పూట జారినచో మొత్తము పని ఒక పూట జారును. ప్రక్కన పైపులకు రంగు వేయుట ఆలస్యమైనను పెద్ద నష్టము లేదు. ఏ పనుల వరుస కాలమును శాసించునో కనిపెట్టు ఈ లెక్కనే క్రిటికల్ పాత్ మెథడ్ అందురు. 1957 ప్రాంతమున అమెరికాలోని డూపాంట్ రసాయన సంస్థలో ఇది రూపొందినది. కర్మాగారపు షట్‌డౌన్లకే దానిని మొదటి రోజులలో వాడిరన్న సంగతి చదివినపుడు మాకు మన పట్టణమే గుర్తునకు వచ్చినది.

ఇక సనదుల మాట. మిక్కిలి ప్రసిద్ధమైనది పి.ఎం.పి. 1969లో అమెరికాలో స్థాపితమైన ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ 1984 నుండి దీనిని ఇచ్చుచున్నది. నాలుగేండ్ల పట్టా, లేదా దానికి సమానమైన చదువు గలవారు కూడ ప్రాజెక్టులను నడిపించిన 36 నెలల అనుభవమును, 35 గంటల శిక్షణను చూపవలెను. ఉన్నత పాఠశాల స్థాయి చదువు మాత్రమే గలవారికి అనుభవము 60 నెలలు. దరఖాస్తులలో కొన్నింటిని ఎంపికచేసి, ఆయా పనులను పర్యవేక్షించిన వారి చేత ధ్రువీకరణ తెమ్మందురు. కావున దొంగ అనుభవ పత్రము పాపమని చెప్పుటకు ముందే, అది పారదని చెప్పవలసియున్నది. ఈ సనదును నిలుపుకొనుటకు మూడేండ్లకొకసారి 60 గంటల అభ్యసనమును చూపవలెను. అనగా పి.ఎం.పి. చేసిన పనికి వేయు ముద్రయే గాని పనికి ప్రవేశద్వారము కాదు. తాజా పట్టభద్రునికి దానిని అమ్మువారు తలుపు లేని గోడకు తాళపుచెవిని అమ్ముచున్నారు.

అనుభవము లేనివారికి అదే సంస్థ సి.ఎ.పి.ఎం. అను చిన్న సనదును ఇచ్చును. ఉన్నత పాఠశాల చదువును, 23 గంటల శిక్షణయు చాలును. పునాది పదజాలము పట్టుబడును. కాని దీనిని చూచి మాత్రమే ఉద్యోగమిత్తురని ఆశింపరాదు. బ్రిటన్‌లో ప్రభుత్వ విభాగముల అవసరము నుండి పుట్టిన ప్రిన్స్-2 కు రెండు మెట్లున్నవి. మొదటి మెట్టుకు అనుభవమడుగరు. బ్రిటిష్ పద్ధతులు నడచు చోట్ల దీనికి విలువ హెచ్చు.

సాఫ్ట్‌వేర్ వైపు పోవువారికి స్క్రమ్ పద్ధతి ఎదురగును. సర్టిఫైడ్ స్క్రమ్ మాస్టర్ పరీక్షకు కోర్సు తప్పనిసరి, రెండేండ్లకొకసారి పునరుద్ధరణ. ప్రొఫెషనల్ స్క్రమ్ మాస్టర్ తొలి మెట్టుకు కోర్సు నిర్బంధము లేదు, కాలపరిమితియు లేదు. దీనికి మూలమైన స్క్రమ్ గైడు ఇరువది పుటలకు లోపే ఉండును, ఉచితముగా లభించును. ముందు దానిని చదివి, ఈ పని తమకు నచ్చునో లేదో తేల్చుకొనుటకు ఒక ఆదివారము చాలును. చదువక ముందే రుసుము కట్టువారిని చూచి మేము పలుమార్లు ఆశ్చర్యపడినాము.

సివిల్, మెకానికల్ డిప్లొమా చేసి గల్ఫు దేశములకు పోదలచిన మన కరీంనగర్, ఆదిలాబాద్ యువకుల సంగతి వేరు. వారికి తొలి ఉద్యోగమున పనికివచ్చునది ప్రిమవేరా వంటి సాఫ్ట్‌వేర్‌లో పనుల పట్టిక వేయగల నేర్పు. పి.ఎం.పి. మాట అటుపిమ్మట, సీనియరు పదవుల ప్రకటనలలో కనిపించును. మా సలహా ఒక్కటే: తాము నిజముగా దరఖాస్తు చేయగల ఇరువది ఉద్యోగ ప్రకటనలను సేకరించి, అందు ఏ సనదు పేరు ఎన్నిమారులున్నదో లెక్కింపుడు. శిక్షణ కేంద్రపు కరపత్రము కన్న ఆ లెక్క నమ్మదగినది. అర్హతలను, రుసుములను సనదునిచ్చు సంస్థ స్వయముగా ప్రకటించిన చోటనే చూడవలెను, అవి మారుచుండును.

మరియొక ముఖ్య విషయము. మేమెరిగిన ఒక పెద్దాయన ఒక కర్మాగారమున ఇరువదేండ్లు షట్‌డౌన్ పనులు నడిపించినాడు. ఏ బోల్టు ఏ దినమున విప్పవలెనో నోటికి వచ్చును. ఉద్యోగము పోయిన పిమ్మట వేరొకచోట అడుగగా, "ఏమి చేసితిరో వ్రాసి యిండు" అనిరి. ఆయన వద్ద జీతపు చీటీలు తప్ప మరేమియు లేవు. పై అధికారులు ఎవరి దారిన వారు పోయిరి. పి.ఎం.పి. దరఖాస్తు అడుగునదియు ఇదే: ఏ ప్రాజెక్టు, ఎప్పటి నుండి ఎప్పటి వరకు, ఎందరు పనివారు, మీ బాధ్యత యేమి, ఎవరు సాక్షి. కావున చిన్న పనిలో చేరిన దినము నుండియే ఒక నోటుపుస్తకమును ఉంచుకొనుడు. దాని వెల ముప్పది రూపాయలు.

ఆనాడు మా యింటికి వచ్చిన అబ్బాయి దొంగ పత్రము తీసికొనలేదు. మంచిర్యాల వైపు ఒక నిర్మాణ స్థలమున సామగ్రి లెక్కలు వ్రాయు పనికి కుదిరినాడు. కొన్నాళ్లకు ఒక చిన్న గోదాము కట్టడపు బాధ్యత అతనికి అప్పగించిరి. గడచిన రంజాన్ సెలవులలో నోటుపుస్తకముతో వచ్చినాడు. ఇద్దరము కూర్చుండి లెక్కించితిమి. సామగ్రి వ్రాసిన నెలలను అతడే కొట్టివేసినాడు: "అవి నేను నడిపినవి కావు సార్." మిగిలినవి పదకొండు నెలలు. ఇంకను ఇరువదియైదు కావలెను. చిట్టీ వాయిదాలు మాత్రము ఆ నెలతో తీరినవట.