విద్యుద్వాహనములు: ఛార్జింగు కేంద్రముల విశ్వసనీయత

2017లో రాష్ట్రములన్నిటికంటె ముందుగా విద్యుద్వాహన విధానమును ప్రకటించిన కర్ణాటకలో, బహిరంగ ఛార్జింగు వ్యవస్థకు నోడల్ సంస్థ బెంగళూరు విద్యుత్ సరఫరా సంస్థయైన బెస్కాం. తెలుగు ఐటీ ఉద్యోగులు విరివిగా నివసించు బెంగళూరు హూడి వంటి పేటలలో, అపార్టుమెంటు పార్కింగున ప్లగ్గు పాయింటు దొరకని అద్దెవానికి బహిరంగ ఛార్జరే శరణ్యము. కాని యాప్‌లో ఖాళీగా కనబడు యంత్రము కడకేగి ఛార్జింగు గన్నును వాహనమునకు తగిలించినను, సర్వరుతో సంబంధము తెగుటచేతనో, వోల్టేజి పడిపోవుటచేతనో విద్యుత్తు రాకపోవచ్చును. పెట్రోలు కారొకటి ఆ చోటు నాక్రమించినచో గన్ను తగిలించు భాగ్యమే ఉండదు! పనిచేయు కాలమును విడిచి కేంద్రముల సంఖ్యనే లెక్కించి మురియుట అవివేకము. అమెరికా 2023లో సమాఖ్య నిధులతో నెలకొల్పు ఛార్జింగు పోర్టులు ఏటా 97 శాతమునకు మించిన కాలము పనిచేయవలెనని నిబంధించెను; బ్రిటను త్వరిత ఛార్జర్ల నెట్‌వర్కులకు 99 శాతమును విధించెను. ఇక మన దేశమున ఛార్జింగు సేవకు 2003 విద్యుత్ చట్టము క్రింద లైసెన్సు అక్కరలేదని కేంద్ర ప్రభుత్వము 2018లో స్పష్టపరచెను. విద్యుద్వాహనముల ప్రోత్సాహమునకై 2024 అక్టోబరున ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ పీఎం ఈ-డ్రైవ్ పథకమున ఛార్జింగు కేంద్రములకు 2,000 కోట్ల రూపాయలు కేటాయింపబడినవి.