కుక్క డ్రై ఫుడ్: సంచి ముందు కాదు, వెనక చూడండి

పెట్ షాపులో కిలో రెండొందల సంచి పక్కనే ఎనిమిదొందలది కూడా ఉంటుంది. రెండింటి మీదా బొచ్చు మెరిసే కుక్కే. ఈ చిట్కాలు ఆరోగ్యంగా ఉన్న కుక్కకే. కిడ్నీ జబ్బో, ఎలర్జీయో ఉంటే డాక్టరు రాసిందే పెట్టండి.

1. కిలో ధర పక్కన పెట్టి రోజు ఖర్చు కట్టండి. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ అయిన పది కిలోల కుక్కకు రోజుకు సుమారు 630 కిలో క్యాలరీలు కావాలి. 100 గ్రాములకు 320 ఇచ్చే ఫుడ్ అయితే 197 గ్రాములు పెట్టాలి. కిలో 200 రూపాయలైతే రోజుకు 39. అదే 400 ఇచ్చే ఫుడ్ 158 గ్రాములు చాలు. కిలో 240 అయినా రోజుకు 38 రూపాయలే. చవకదనుకున్నదే ఖరీదైంది! క్యాలరీలు అచ్చు వేయకపోతే, బరువును బట్టి ఎంత పెట్టాలో చెప్పే పట్టికతో లెక్కేయండి.

2. 'కంప్లీట్ అండ్ బ్యాలెన్స్‌డ్' అని ఉందా, ఏ వయసుకో రాశారా చూడండి. అమెరికాలోని ఆఫ్కో ప్రమాణం ప్రకారం, తేమ తీసేసిన లెక్కలో పెద్ద కుక్కకు కనీసం 18 శాతం ప్రొటీన్, 5.5 శాతం కొవ్వు ఉండాలి. పిల్లలకు 22.5, 8.5. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్ పిల్లలకైతే పెద్ద జాతి పిల్లల ఫుడ్డే కొనండి. కాల్షియం ఎక్కువైతే వాటి ఎముకలు సరిగా ఎదగవు.

3. దినుసుల పట్టీలో మొదటి పేరు చూసి మురిసిపోకండి. వండక ముందు బరువును బట్టి వరస పెడతారు. పచ్చి చికెన్‌లో మూడొంతులకు దగ్గరగా నీళ్లే. ఎండబెట్టి పొడి చేసిన 'చికెన్ మీల్'లో ప్రొటీన్ చిక్కగా ఉంటుంది, పేరు విని తీసిపారేయక్కర్లేదు. మొక్కజొన్న, మొక్కజొన్న గ్లూటెన్, మొక్కజొన్న పిండి అని ఒకే గింజను మూడు చోట్ల రాస్తే మాత్రం, అన్నీ కలిపి చూసుకోండి.

4. 'గ్రెయిన్ ఫ్రీ' అన్నందుకు అదనంగా డబ్బులు ఇవ్వకండి. బియ్యం, మొక్కజొన్న చాలా కుక్కలకు బాగానే అరుగుతాయి. బఠాణీ, పప్పులు ఎక్కువున్న అలాంటి ఫుడ్లకూ గుండె కండరం జబ్బుకూ సంబంధం ఉందేమోనని అమెరికా ఎఫ్‌డీఏ 2018లో విచారణ మొదలుపెట్టింది.

5. ఎరుపు, పచ్చ రంగుల గింజలు మన కళ్ల కోసం. కుక్కకు ఆ రెండు రంగుల తేడా సరిగా తెలియదు కూడా.

6. పెరుగన్నం కలిపే అలవాటుంటే ఆ మేరకు డ్రై ఫుడ్ తగ్గించండి. పైనుంచి పెట్టేవన్నీ కలిపి రోజు క్యాలరీల్లో పదో వంతు దాటకూడదు. ఉల్లిపాయ వేసిన కూర, పులుసు మాత్రం కలపొద్దు. అది కుక్క రక్తకణాలను దెబ్బతీస్తుంది.

7. గ్లాసుతో కొలిస్తే రోజుకో లెక్క అవుతుంది. వంటింటి త్రాసు వాడండి. పక్కటెముకలు చేతికి తగలాలి, కంటికి పొడుచుకొచ్చినట్టు కనిపించకూడదు. తగలకపోతే కొలత తగ్గించండి.

8. పెద్ద సంచిలో కిలో చవకే కానీ, విప్పాక నెలా నెలన్నరలో అయిపోయేంతే కొనండి. వానాకాలంలో, సముద్రం దగ్గరి ఊళ్లలో ఇంకా చిన్నది నయం. కొవ్వు ముక్కిపోతే కుక్క ముట్టకపోవచ్చు. సంచితో సహా మూత డబ్బాలో పెట్టండి, తేదీ, బ్యాచ్ నంబరు పోకుండా ఉంటాయి. గోతంలోంచి విడిగా తూచి ఇచ్చేది, దాని తయారీ తేదీ ఎవరికీ తెలియదు కాబట్టి, వద్దు.

9. కొత్త ఫుడ్డుకు వారం పట్టనివ్వండి: ముందు పావు వంతు, తర్వాత సగం, ఆపై ముప్పావు. మలం గట్టిగా ఉండి, తీస్తే నేలకు అంటకుండా వస్తే పడినట్టే. మూడు నాలుగు రోజులు పల్చగానే ఉంటే పాత ఫుడ్డుకు వెనక్కి వెళ్లండి. నీరసమో, రక్తమో కనిపిస్తే మాత్రం ఆగకుండా డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.