క్షయవ్యాధియు రక్తపరీక్షయు

చేవెళ్ళ, మొయినాబాదు గ్రామములనుండి వచ్చు తలిదండ్రులు మమ్మడుగు ప్రశ్న యొకటి కలదు: “రక్తము చూపించిన క్షయ తెలియదా?” బాలబాలికలకును ఉపయోగపడునని దీనికి సమాధానము వ్రాయుచున్నాము.

క్షయకు మూలమైన సూక్ష్మజీవిని 1882లో జర్మనీ వైద్యుడు రాబర్టు కాక్ కనుగొనెను. అది మన దేహమున ప్రవేశింపగా, దానిలోని మాంసకృత్తులు మున్నగువానిని దేహము పరాయివని గుర్తించి, వానికెదురుగా రక్తమున ప్రతిరక్షకములను పుట్టించును. ఆ పరాయి పదార్థములే ప్రతిజనకములు. ప్రతిజనకము తాళము వంటిది. ప్రతిరక్షకము తాళపుచెవి వంటిది. చెవి కనబడినచో తాళమున్నదని యూహింపవచ్చును.

అయితే చిక్కేమి? మట్టిలో, నీటిలో నుండు దాని జ్ఞాతిజీవులకును, బి.సి.జి. టీకాలోని జీవికిని ఇట్టి తాళములే పెక్కు గలవు. కావున క్షయజీవికే ప్రత్యేకమైన ప్రతిజనకమును వెదకవలెను. ఈ యన్వేషణలో 2003లో హైదరాబాదు సి.డి.ఎఫ్.డి. శాస్త్రజ్ఞులు ఆర్.వి. 2430సి అను మాంసకృత్తు రోగులలో బలముగా ప్రతిరక్షకములను పుట్టించుటను చూపిరి. బి.సి.జి.లో లేని ఈశాట్-6, సి.ఎఫ్.పి.-10 అనువానిని తెల్లకణములు గుర్తుపట్టునా యని చూచు రక్తపరీక్షయు కలదు. అది జీవి సోకెనని తెలుపును గాని, నిద్రించుచున్నదో, రోగమై లేచెనో చెప్పజాలదు.

రోగిని ఆరోగ్యవంతుడని పంపివేసినచో అతనికిని, ఇంటిల్లిపాదికిని ముప్పే. అందుచేతనే ప్రతిరక్షకములను చూచు పరీక్షలను క్షయనిర్ణయమునకు వాడవలదని 2011లో ప్రపంచారోగ్యసంస్థ చెప్పెను; 2012లో భారతప్రభుత్వము నిషేధించెను.

కావున ఇంట నెవరికైన రెండువారములు మించి దగ్గున్నచో, ప్రభుత్వ వైద్యశాలకు తోడ్కొనిపోయి తెమడ పరీక్ష చేయింపుడు. అచట పరీక్షయు మందును ఉచితము.