కోళ్ల ఫారముల కంపు - ఇరుగుపొరుగుల తగవు

పొలముగట్టు తగవు వచ్చినచో గొలుసుపట్టి కొలిచి తీర్పవచ్చును. కాలువనీటి తగవు వచ్చినచో వంతులువేసి తీర్పవచ్చును. గాలికి గట్టు లేదు, వంతు లేదు. అందుచేతనే కోళ్ల ఫారముల కంపును గూర్చిన తగవులు గ్రామములలో ఏండ్లతరబడి తెగకయుండును. ఒకవైపున అప్పుచేసి షెడ్డు కట్టిన రైతు. వేరొకవైపున రాత్రి కిటికీ తీయలేక, కంచము ముందు ఈగలు తోలుకొనుచు భోజనము చేయు కుటుంబము. సహకార సంఘమునకు ఇరువురును సభ్యులే. కావున ఎవరి పక్షమును వహింపక, అనకాపల్లి ప్రాంతపు చెరకు రైతులకు అందుబాటులోనున్న ఉపాయమును ఈ పాఠమున వివరింతుము.

కంపు పుట్టు విధము

గ్రుడ్లుపెట్టు కోడి యొక్కటి దినమునకు రమారమి 100 గ్రాముల పచ్చి రెట్ట వేయును. పదివేల కోళ్లున్నచోట దినమునకు ఒక టన్ను పోగగును. అందు ముప్పాతికపాలు నీరే. రెట్టలోని యూరిక్ ఆమ్లమును సూక్ష్మజీవులు అమ్మోనియా వాయువుగా మార్చును. ఆ పనికి వానికి కావలసినది తడి. ఎండిన రెట్టకు కంపు స్వల్పము. కారుచున్న నీటిగొట్టము క్రింద నానిన రెట్టకు కంపు మెండు. ఈగయు తడి రెట్టలోనే గ్రుడ్లు పెట్టును. వేసవిలో ఆ గ్రుడ్డు ఏడు మొదలు పది దినములలో ఈగయై లేచును. కావున వారమునకొకసారి రెట్ట తీసి ఆరబెట్టినను, కప్పిపెట్టినను ఈగల సంతతి తెగును. నెలకొకసారి తీసినచో తెగదు.

కంపు రాత్రివేళను, తెల్లవారుజామునను హెచ్చుగనుండును. పగటి ఎండకు వేడెక్కిన గాలి పైకిలేచి కంపును చెదరగొట్టును. రాత్రి చల్లని గాలి కదలక నేలనంటియుండును. మధ్యాహ్నము వచ్చి చూచినవారికి కంపు తెలియకపోయినంత మాత్రమున ఇరుగువారి ఫిర్యాదు అబద్ధమని తలపరాదు. విచారణకు పోవువారు తెల్లవారక ముందే పోవలెను.

నష్టము ఎవరికి?

నష్టము పొరుగువానికి మాత్రమే యని ఫారము రైతు అనుకొనుట పొరపాటు. షెడ్డులోని గాలియందు అమ్మోనియా పదిలక్షల పాళ్లకు 25 పాళ్లు మించినచో కోళ్ల కండ్లు, ఊపిరితిత్తులు చెడును. మేత తగ్గును, గ్రుడ్లు తగ్గును. అంతేకాక అమ్మోనియా యనగా నత్రజని. యూరియా బస్తాకు రొక్కమిచ్చు రైతు తన షెడ్డులోని నత్రజనిని ఊరిమీదికి ఊరక విడుచుచున్నాడు. పొరుగువాని ముక్కునకు తగులు కంపు ఫారమువాని సంచిలోనుండి పోవు సొమ్మే.

చట్టము చెప్పునది

ఈ తగవు నేటిది కాదు. 1610వ సంవత్సరమున ఇంగ్లండులో ఆల్‌డ్రెడ్ అనునతడు తన యింటి ప్రక్కన పందులదొడ్డి కట్టిన పొరుగువానిపై వ్యాజ్యము తెచ్చెను. పందుల కంపునకు ఓర్వలేనంత సుకుమారమైన ముక్కు ఉండరాదని ప్రతివాది పక్షమున వాదించిరి. న్యాయస్థానము ఆ వాదమును త్రోసివేసి, ఇంటికి మంచిగాలి అవసరమని తీర్పు చెప్పెను. మనదేశమున 1980లో రత్లాం పురపాలక సంఘపు వ్యాజ్యములో, మురుగు కంపును తొలగింపుటకు డబ్బులేదను సాకు చెల్లదని సుప్రీంకోర్టు తీర్మానించెను.

2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 152వ సెక్షను ప్రకారము, జనుల ఆరోగ్యమునకు, సుఖమునకు భంగకరమైన వృత్తిని సరిదిద్దుమనియో, అచ్చటినుండి తొలగింపుమనియో మేజిస్ట్రేటు అధికారముగల రెవెన్యూ అధికారి ఉత్తరువు చేయవచ్చును. పూర్వము లక్షకు లోపు కోళ్లుగల ఫారములను కాలుష్య నియంత్రణ మండలి అనుమతినుండి మినహాయించియుండిరి. 2020 సెప్టెంబరులో జాతీయ హరిత న్యాయస్థానము ఆ మినహాయింపును పునఃపరిశీలింప నాజ్ఞాపించెను. తరువాత కేంద్రమండలి సవరించిన మార్గదర్శకములు ఐదువేలకు మించిన కోళ్లుగల ఫారములను గూడ అనుమతి పరిధిలోనికి తెచ్చినవి. క్రొత్త ఫారము నివాసములకు 500 మీటర్లు, నదులు, చెరువులు, మంచినీటి బావులకు 100 మీటర్లు ఎడముగ నుండవలెనని అందు చెప్పబడినది.

అయితే ఒక న్యాయము మరువరాదు. ఊరికి దూరముగ కట్టిన షెడ్డు దరికి ఇండ్ల స్థలములు వచ్చిచేరుటయు కలదు. ఫారము రైతుకు దూరము చెప్పిన ధర్మము లేఅవుట్లు వేయువారికిని వర్తింపవలెను గదా! పంచాయతీ సభలో ఈ మాట ఎత్తుట సంఘ సభ్యుల విధి.

చెరకు ఆకుతో ఉపాయము

కోళ్ల రెట్టలో నత్రజని హెచ్చు, కర్బనము తక్కువ. చెరకు ఎండాకులో కర్బనము హెచ్చు, నత్రజని తక్కువ. ఎకరమునకు మూడు నాలుగు టన్నుల ఆకు మిగులును. దానిని పెక్కుమంది తగులబెట్టుచున్నారు. ఒకని కంపును, వేరొకని పొగను ఒక్కచోట చేర్చినచో రెండును పోయి గత్తము మిగులును.

చేయు విధమిది. నీరు నిలువని మెరకపై జానెడు ఎత్తున చెరకు ఆకు పరచవలెను. దానిపై పలుచగ రెట్ట, మరల ఆకు - ఇట్లు ఛాతియెత్తువరకు పేర్చి, పైన ఆకుతోనో మట్టితోనో కప్పవలెను. పిడికిట పట్టి పిండినప్పుడు చేయి తడియగుచు, నీరు కారకుండు పదును చాలును. కుప్ప లోపల వేడి 55 డిగ్రీలు దాటినచో ఈగల పురుగులు చచ్చును. పదునైదు దినములకొకసారి తిరుగవేయవలెను. కంపు లేక నల్లని మట్టివలె పొడియైనప్పుడు గత్తము సిద్ధమైనదని తెలియవలెను. చచ్చిన కోళ్లను ఈ కుప్పపై పారవేయక, ఆనాడే సున్నముతో లోతుగ పూడ్చవలెను.

ఈ గత్తమును చెరకు నాటుటకు ముందు దుక్కిలో వేసి ఆనాడే కలియదున్నవలెను. ఆలస్యముగ వేసిన నత్రజని చెరకురసమును చెరచి బెల్లపు రంగును, గట్టిదనమును తగ్గించును. బెల్లపు విపణికి పేరుపొందిన అనకాపల్లి రైతులు ఈ విషయమున జాగరూకులై యుండవలెను.

ఒక్క రైతు ఇంత ఆకు తెచ్చుకొనలేడు. ఒక్క ఫారము ఇంత గత్తము అమ్ముకొనలేదు. ఇచ్చట సంఘము పని యున్నది. ఊరికి దూరముగ ఉమ్మడి గత్తపుదిబ్బ ఏర్పరచి, ఆకు తూకమును, రెట్ట తూకమును పుస్తకమున వ్రాసి, వచ్చిన గత్తమును వాటాల ప్రకారము పంచవచ్చును. ఫిర్యాదు చేసిన గృహస్థునకు తనిఖీ సంఘములో స్థానమీయవలెను. కంపు తగ్గినదో లేదో చెప్పుటకు అతనికన్న తగినవాడు లేడు.

సభలో చర్చింపవలసిన ప్రశ్నలు

1. మన గ్రామమున ఏ ఫారములో నీటిగొట్టములు కారుచున్నవి? రెట్ట ఎన్నాళ్లకొకసారి తీయుచున్నారు?
2. నైరుతిగాలి కాలమున కంపు ఏ వీధిపై పడుచున్నది? ఈశాన్యగాలి కాలమున ఏ వీధిపై?
3. ఈ యేడు కాల్పబోవు చెరకు ఆకు ఎన్ని ఎకరములది?

న్యాయస్థానమున ఒకరు గెలిచి ఒకరు ఓడుదురు. మరునాడు ఇరువురును ఒకే వీధిలో నడువవలసినవారు. పై మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాసికొన్న పిమ్మట గూడ తగవు మిగిలినచో, అప్పుడు కోర్టుకు పోవచ్చును.