గిన్నె పక్కన పుస్తకం

చిరంజీవి అమ్ములుకు పెద్దమ్మ ఆశీస్సులు.

కోవూరులో మీ వీధివాళ్లంతా ఇంటికో గిన్నె తెచ్చి కలిసి భోంచేయాలనీ, ప్రతి వంటకానికీ తోడుగా తిండి గురించిన పుస్తకంలోంచి ఒక పేజీ చదవాలనీ నువ్వు తలపెట్టిన పని చాలా మంచిది. పంపిన జాబితా కూడా శ్రద్ధగా రాశావు. అయితే అంతటా ఒకే పద్ధతి కనిపిస్తోంది. వంటకం పేరు ఏ పుస్తకంలో దొరికితే ఆ పుస్తకం దాని పక్కన పెట్టేశావు. అలా వెతికితే వంటల పేర్లు బోలెడు దొరుకుతాయి గానీ వండిన మనిషి ఎక్కడా కనిపించదు. గిన్నె మోసుకొచ్చిన ఇల్లాలో, ముసలాయనో నోరు విప్పి నాలుగు ముక్కలు చెప్పాలనిపించేలా చేసే పేజీయే ఆ గిన్నెకు సరైన జోడీ.

కలిసి తినడం మనకు కొత్త కాదు. కార్తీకంలో ఉసిరిచెట్టు కింద వనభోజనాలు ఉండనే ఉన్నాయి. తిండికి మాటను జోడించడమూ కొత్త కాదు. పెన్న దాటితే నెల్లూరు. అక్కడ స్వర్ణాల చెరువు గట్టున, బారాషహీద్ దర్గా దగ్గర ఏటా మొహర్రం నెలలో జరిగే రొట్టెల పండుగ నువ్వు చూసిందే. చదువు రొట్టె, ఉద్యోగ రొట్టె, పెళ్లి రొట్టె, సంతాన రొట్టె, ఆరోగ్య రొట్టె, సొంతింటి రొట్టె అంటూ ఎన్నో రకాలు. కోరిక ఉన్నవాళ్లు చెరువు నీళ్లలో నిలబడి రొట్టె అందుకుంటారు. అది తీరితే మరుసటి ఏడు అదే రొట్టె తెచ్చి ఇంకొకరికి ఇస్తారు. ఇచ్చేవాళ్లదీ పుచ్చుకునేవాళ్లదీ ఏ మతమని ఎవరూ అడగరు. పిండిలో తేడా ఏమీ లేదు. ఇచ్చేటప్పుడు పలికే మాటే ఒకదాన్ని ఉద్యోగ రొట్టెగా, మరోదాన్ని పెళ్లి రొట్టెగా చేస్తోంది. మీ వీధి భోజనానికి ఇంతకన్నా మంచి నమూనా ఎక్కడా దొరకదు.

ఇక రోజు సంగతి. కార్తీకంలో పెడదామని రాశావు. ఆ నెలలో ఒక సౌకర్యం ఉన్నమాట నిజమే. నవంబరు 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలు చాలా ఏళ్లలో కార్తీకంలోనే పడతాయి. కానీ ఆ నెలంతా నీచు ముట్టని ఇళ్లు ఎన్నో ఉంటాయి, నెల్లూరు సీమలో చేపల పులుసు లేకుండా వీధి భోజనం అంటే సగం ఇళ్ల ప్రతాపం బయటికి రాదు. పైగా ఈ మధ్య వనభోజనాలంటే కులసంఘాల సమావేశాలుగా మారిపోయాయి. ఉసిరిచెట్టుకు కులం అంటగట్టడం పెద్దమ్మకు ఎంతమాత్రం నచ్చదు. అందుకని ఏప్రిల్ 23 ఎంచుకో. 1995లో యునెస్కో ప్రకటించిన ప్రపంచ పుస్తక దినోత్సవం అది. పులుసులోకి పచ్చి మామిడికాయ దొరికే కాలం కూడా. ఎండ చల్లబడ్డాక సాయంత్రం ఆరింటికి మొదలుపెడితే సరిపోతుంది.

జోడీల్లో మొదటి పేజీ తిక్కనది కావాలి. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కాలాన నెల్లూరులో ఉండి భారతం రాసిన కవి ఆయన. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలితే, తిక్కన విరాటపర్వం దగ్గర అందుకొని చివరిదాకా పదిహేను పర్వాలు పూర్తిచేశాడు. ఆయన చేపట్టిన మొట్టమొదటి పర్వంలోనే భీముడు వంటవాడు. వలలుడన్న పేరుతో విరాటరాజు కొలువులో చేరి, అజ్ఞాతవాసం సాగినన్నాళ్లూ వంటశాలలోనే గడుపుతాడు. అంతటి బలశాలి గరిటె చాటున దాక్కున్నాడని చెప్పే కథ మనకు పెన్న ఒడ్డునే తెలుగులోకి వచ్చింది. కొలువు అడగడానికి వచ్చిన ఘట్టం చదివించు. పద్యం గొంతెత్తి చదవగలిగినవాళ్లు చదవాలి, పక్కన మరొకరు తాత్పర్యం చెప్పాలి. తిరుమల తిరుపతి దేవస్థానం అచ్చువేసిన వ్యాఖ్యాన భారతం ఇందుకు బాగా పనికొస్తుంది.

ఈ పేజీకి జోడీగా ఏ వంటకం అన్నది ముఖ్యం కాదు. పెళ్లిళ్లకు వండే వంటమాస్టరో, హోటల్లో దోశ పెనం ముందు పూట గడిపే మనిషో మీ వీధిలో ఉంటే అతను తెచ్చిన గిన్నె పక్కన ఇది చదవాలి. వందలమందికి వండినవాడు తను ఏ పంక్తిలో, ఎన్నింటికి తిన్నాడో ఎవరూ అడగరు. ఆ రోజు అడగండి.

రెండో పేజీ ఆముక్తమాల్యదలోది. శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడు ఇంటికొచ్చిన వైష్ణవులకు ఏ కాలంలో ఏం వడ్డించేవాడో శ్రీకృష్ణదేవరాయలు వరసగా చెప్పాడు. వానాకాలంలో పొట్టు తీసిన పప్పు, వేయించిన కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, నెయ్యి. తడిసిన కట్టెలు మండవు కాబట్టి పొయ్యిలోకి కొబ్బరి పెంకులు. చలికాలంలో మిరియాల పొడి చల్లిన వేడి కూరలు, ముక్కు అదిరే ఆవపచ్చళ్లు, పాయసం. వేసవిలో గోరువెచ్చని అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకు రసం, లేత కొబ్బరినీళ్లు, వడపిందెలు, మజ్జిగ. సామ్రాజ్యం ఏలిన రాజు వాన రోజుల్లో పొయ్యి రాజుకోదన్న సంగతి కూడా గమనించి రాశాడు! ఏప్రిల్ సాయంత్రానికి ఆ వేసవి పద్యం చక్కగా కుదురుతుంది. మజ్జిగ, వడపిందెలు, కొబ్బరినీళ్లు తెచ్చే ఇళ్లకు ఇది అప్పగించు.

అందులో చెరకు రసం ఉంది కదా, దాన్ని వదలొద్దు. కోవూరుకు సహకార చక్కెర ఫ్యాక్టరీ ఉండేది, తర్వాత మూతపడింది. దానికి చెరకు తోలిన రైతులో, అందులో పనిచేసిన కార్మికులో మీ చుట్టుపక్కల తప్పకుండా ఉంటారు. రసం గ్లాసు చేతికిచ్చి, పద్యం అయ్యాక వాళ్లనే మాట్లాడమని అడుగు. పుస్తకాల్లోకి ఎక్కని చరిత్ర అలాగే దొరుకుతుంది.

చేపల పులుసు విషయంలో నీ జాబితా బాగా తడబడింది. పులుసును మొదట పెట్టి, దాని వెంటనే దోశలు పెట్టావు. ఆ రెండూ ఒకే తీరువి కావు, చదువు ఎంతసేపు సాగాలన్నది వంటకమే చెబుతుంది. మట్టి చట్టిలో ముందురోజు రాత్రి కాచిన పులుసు తెల్లారేసరికి ముక్కకు చింతపండు పులుపు, కారం పట్టి మరింత రుచికొస్తుంది. దాని ముందు పది నిమిషాలు చదివినా ఇబ్బంది లేదు. కారం దోశ, పులిబొంగరాలు అలా కాదు, పొయ్యి మీంచి దిగిన వెంటనే తినాలి. వాటి దగ్గర పుస్తకం మూసేయాలి. పిల్లల చేత ఒక సామెతో పొడుపుకథో చెప్పిస్తే చాలు. ఎండకాలంలో మాంసం, రొయ్యలు, పెరుగన్నం గంటకు మించి బయట ఉంచకూడదు కాబట్టి అన్ని చదువులూ ముందే పెట్టుకోకుండా వడ్డన మధ్యమధ్యలో సర్దు. రొయ్యలు, వేరుశనగ పడనివాళ్లు ఎవరో కూడా ముందే కనుక్కో.

పులుసుకు జోడీగా ఏ కావ్యమూ వెతకొద్దు. ఆ పులుసు కాచే ఇంట్లో అత్తగారు ఎలా చెప్పిందో, కోడలు ఏం మార్చిందో రాయించి అదే చదివించు. మాలతీ చందూర్ ‘వంటలు - పిండివంటలు’ ఒక తరం ఆడపిల్లలకు అత్తవారింట్లో ధైర్యం ఇచ్చిన పుస్తకం. అందులో ఒక పేజీ చదివి, చెంచాల లెక్కకూ మన చేతి కొలతకూ తేడా ఎక్కడ వచ్చిందో ఆడవాళ్లను వాదించుకోనివ్వు. ఆ వాదన కూడా సాహిత్యమే. మెక్సికో రచయిత్రి లారా ఎస్కివెల్ 1989లో అచ్చయిన ‘లైక్ వాటర్ ఫర్ చాకొలెట్’ నవలను పన్నెండు నెలల పేర్లతో పన్నెండు అధ్యాయాలుగా, ప్రతి అధ్యాయానికీ ఒక వంటకంతో రాసింది. వంట చేసే అమ్మాయి కోపం, దుఃఖం, ప్రేమ ఆ వంటలోకి దిగి తిన్నవాళ్లకు పట్టుకుంటాయి. వంట రాసే పద్ధతిలోనే జీవితమంతా చెప్పవచ్చని ఆ నవల నిరూపించింది.

అన్నానికి ఏ పుస్తకం అని అడిగావు. వరి పండే ఊళ్లో అడగవలసిన ప్రశ్నే అది. నెల్లూరు మొలగొలుకుల పేరు ఎక్కడెక్కడో వినిపిస్తుంది. నెల్లూరు వరి పరిశోధన కేంద్రం నుంచి వచ్చిన నెల్లూరు మసూరి కూడా పేరున్న రకమే. గూడూరులో 1895లో పుట్టిన కవికోకిల దువ్వూరి రామిరెడ్డి స్వయంగా సేద్యం తెలిసిన మనిషి. ఆయన ‘కృషీవలుడు’ కావ్యం రైతు గురించే. దాన్ని కౌలురైతు ఇంటి అన్నం గిన్నె పక్కన పెట్టు. పిల్లలకైతే శ్రీపాద సుబ్రహ్మణ్య శాస్త్రి ‘వడ్లగింజలు’ కథ. చదరంగం చుట్టూ తిరిగే ఆ కథ చెప్పాక, బల్ల మీద మొదటి గడిలో ఒక గింజ, రెండో దాంట్లో రెండు, మూడో దాంట్లో నాలుగు చొప్పున పోయించు. మొదటి వరస ముగిసేసరికి 255 గింజలే. రెండో వరస పూర్తయితే 65,535, అంటే కిలో పైచిలుకు వడ్లు. 64 గడులు నిండాలంటే ఇరవై అంకెల సంఖ్య కావాలి. అది వేసిన పిల్లలు అన్నం పారేయడానికి ఆలోచిస్తారు.

అన్నిటికన్నా జాగ్రత్తగా చేయవలసిన జోడీ ఒకటి ఉంది. ఇప్పటికీ కొందరి ఇంటి గిన్నె మీద మరికొందరి చేయి పడదు. పాల్కురికి సోమనాథుడి బసవపురాణంలో, అంటరానివాడిగా లోకం చూసిన శివభక్తుడు మాదర చెన్నయ్య కథ చదివించు. చోళరాజు నైవేద్యాన్ని కాదని శివుడు చెన్నయ్య పోసిన అంబలి తాగాడని అందులో ఉంది. ఏడు వందల ఏళ్లకు పైబడిన పుస్తకం అంత సూటిగా చెప్పింది. అయితే ఆ కథను దళితుల ఇంటి నుంచి వచ్చిన గిన్నెకే అంటించావంటే వాళ్లను అందరి ముందూ వేలెత్తి చూపినట్టే అవుతుంది. దాన్ని భోజనాలు మొదలవకముందే, అందరి కోసం చదవాలి. తర్వాత ఏ ఇంటి గిన్నె అయినా అందరి ఆకుల్లోకీ వెళ్లాలి. ముందుగా పెద్దవాళ్లు వడ్డించుకుంటే మిగిలినవాళ్ల బెరుకు పోతుంది, కాబట్టి ఆ పెద్దలతో నువ్వు ముందే మాట్లాడి పెట్టుకో.

ముస్లింల ఇళ్లను బిర్యానీయే తెమ్మని అడగొద్దు. వాళ్లు రోజూ తినే పప్పు, చారు కూడా వాళ్ల వంటే. కావలిలో పుట్టిన మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ నెల్లూరు యాసలో నడిచే బాల్యం. దాంట్లో ఏ కథ చదవాలో ఆ ఇంటి పిల్లల్నే ఎంచుకోనివ్వు.

చివరికి మిగిలే పప్పన్నం గిన్నెకు డొక్కా సీతమ్మ. గోదావరి లంకల గన్నవరంలో 1909లో కన్నుమూసే దాకా వేళాపాళా చూడకుండా వచ్చినవాళ్లకల్లా అన్నం పెట్టిన తల్లి. మన రాష్ట్రంలో బడి మధ్యాహ్న భోజనానికి ఇప్పుడు ఆమె పేరే ఉంది. బడిలో వండే ఆయమ్మ మీ వీధిలో ఉంటే సీతమ్మ కథను ఆమె చేతే చదివించు. చదవడం రాకపోతే ఆమె చెప్పింది మరొకరు రాసి చదవాలి.

పాశ్చాత్య దేశాల్లో ఏప్రిల్ 1న, ఫ్రెంచి భోజన రచయిత బ్రియా-సవరాఁ పుట్టినరోజున, పుస్తకాల ఆకారంలో కేకులూ తినుబండారాలూ చేసే ఉత్సవం ఒకటి 2000 నుంచి సాగుతోంది. పిల్లలు సరదాపడితే మలై కాజాల పెట్టెను పుస్తకంలా అలంకరించనివ్వు. అంతకు మించి దాని మీద సమయం పెట్టనక్కర్లేదు.

ఇప్పటికిప్పుడు చేయవలసినవి రెండు పనులు. కోవూరు గ్రంథాలయానికి వెళ్లి పై పుస్తకాల్లో ఏవి ఉన్నాయో చూడు, లేనివాటి కోసం నెల్లూరు వర్ధమాన సమాజం గ్రంథాలయంలో అడుగు. రెండోది, ఆ సాయంత్రం వండినవాళ్లు చెప్పినవన్నీ ఎవరైనా ఒక నోటు పుస్తకంలో రాసేలా ఏర్పాటు చెయ్యి. వంటకం, వండినవాళ్ల పేరు, వాళ్ల మాటల్లోనే తయారీ, ఆ వంట నేర్పిందెవరు అన్న వివరాలు ఉంటే చాలు. అడిగి, వాళ్లు ఒప్పుకున్నవే రాయండి. శుభ్రంగా తిరగరాసి ఒక ప్రతి గ్రంథాలయంలో ఇవ్వండి, వచ్చే ఏడు పక్క వీధివాళ్లు చదువుకుంటారు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ