దేహములోని సమస్థితి – మన సీమ ఎండలు

మేము తెలుగు బోధించువారమైనను, శాస్త్రవిషయము మాతృభాషలో చెప్పినపుడే ఇంటింటికి చేరునను నమ్మకముతో ఈ వ్యాసమునకు పూనుకొంటిమి.

పల్నాటి సీమలో పుష్యమాసపు వేకువ చలి వణికించును. వైశాఖ మధ్యాహ్నపు వడగాడ్పు మాడ్చివేయును. అయినను ఆరోగ్యవంతుని దేహోష్ణము రమారమి 37 డిగ్రీల సెంటిగ్రేడు వద్దనే నిలిచియుండును. నెత్తుటిలోని నీరు, ఉప్పు, చక్కెర కూడ తమ హద్దులు మీరవు. ఈ గుణమే సమస్థితి. దేహములోని సమతౌల్యమే ఆరోగ్యమను తలపు ఆయుర్వేదమునకును, యునానీ వైద్యమునకును కొత్త కాదు. దానిని ప్రయోగములతో పరిశీలించిన వారిలో 19వ శతాబ్దపు ఫ్రెంచి శాస్త్రవేత్త క్లాడ్ బెర్నార్డ్ ముఖ్యుడు. 1926లో అమెరికా శాస్త్రజ్ఞుడు వాల్టర్ కానన్ దీనికి హోమియోస్టాసిస్ అని పేరిడెను.

ఇది ఎట్లు సాధ్యము? నాగార్జునసాగరు కుడికాలువ నుండి చీలిన పంటకాలువ తూము వద్ద లస్కరును గమనింపుడు. కాలువలో నీటిమట్టము గీత దాటినచో అతడు షట్టరు దించును, తగ్గినచో ఎత్తును. తన పనికి మట్టమెట్లు మారెనో మరల గేజినే చూచి తెలిసికొనును. ఇట్లు ఫలితము తిరిగివచ్చి తన కారణమునే అదుపు చేయుట ఫీడ్‌బ్యాక్ అనబడును. వచ్చిన మార్పునకు ఎదురుగా పనిచేయును గనుక ఇది ఋణాత్మక ఫీడ్‌బ్యాక్.

భోజనానంతరము నెత్తుటిలో చక్కెర పెరిగినచో క్లోమము ఇన్సులిన్‌ను స్రవించును. కాలేయము ఆ చక్కెరను గ్లైకోజెన్‌గా నిలువచేయును. ఉపవాసమున చక్కెర తగ్గినచో అదే క్లోమము గ్లూకగాన్‌ను పంపి ఆ నిలువను బయటికి తీయించును. ఈ ఏర్పాటు చెడుటయే మధుమేహము.

ఇక ఎండవేళ మిరపతోటలో కాయ కోయు కూలీని తలచుకొనుడు. ఆమె నెత్తురు వేడెక్కగనే మెదడులోని హైపోథాలమస్ దానిని పసిగట్టును. చర్మములోని రక్తనాళములు విప్పారును, చెమట పుట్టును. ఒక లీటరు చెమట ఆవిరియగుటలో సుమారు 580 కిలోకేలరీల వేడిని తీసికొనిపోవును. గాలి చర్మముకన్న వేడిగా ఉన్నపుడు చెమటయే దిక్కు. నీరు తగ్గి నెత్తురు చిక్కబడగనే దాహము పుట్టును. పీయూష గ్రంథి విడుదల చేయు వాసోప్రెస్సిన్ మూత్రపిండములలో నీటిని ఆపును. అందుచేతనే మూత్రము చిక్కని పసుపురంగునకు తిరుగును.

కాని కాలువలో నీరే లేనపుడు లస్కరు నేర్పు ఏమి చేయగలదు? తోటలలో మరుగు లేనందున అనేకమంది స్త్రీలు పగలంతయు నీరు త్రాగక గడుపుదురు. నీరు తగ్గిన కొలది చెమట తగ్గును. చెమట తగ్గిన కొలది వేడి పెరుగును. పెరిగిన వేడి నియంత్రణ కేంద్రమునే దెబ్బతీయును. ఇదియే వడదెబ్బ. 2015 మే మాసపు ఎండలకు ఆంధ్రప్రదేశ్‌లో వెయ్యిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

జ్వరమునకు వేయు మాత్ర వడదెబ్బకు చాలదా అని విద్యార్థులు మమ్ము అడుగుచుందురు. చాలదు. జ్వరమున హైపోథాలమస్ తానే గీతను పైకి జరుపును. పారాసిటమాల్ ఆ గీతను మరల దించును. వడదెబ్బలో గీత మారదు, దానిని నిలుపు శక్తి నశించును. దేహోష్ణము 40 డిగ్రీలు దాటి, మాట తడబడి, మతి తప్పినచో ఆ వ్యక్తిని వెంటనే నీడకు చేర్చి, ఒడలెల్ల తడిపి విసరుచు, 108 వాహనమును పిలువవలెను. స్పృహ లేనివారి నోట నీరు పోయరాదు.

రాకముందే కాచుకొనుట మేలు. దాహమునకై వేచియుండక నీరు, ఉప్పు కలిపిన మజ్జిగ త్రాగవలెను. ఓ.ఆర్.ఎస్. మరియు మేలు, అందులోని గ్లూకోజు ప్రేగులలో ఉప్పును, దానివెంట నీటిని లోనికి చేర్చును. ఎండకు దేహము అలవాటుపడుటకు ఒకటి రెండు వారములు పట్టును గనుక కొత్తగా పనికి వచ్చినవారికి తొలిదినములలో పని తగ్గింపవలెను.

విద్యార్థులారా! మీలో పలువురి ఇండ్లవారు ఆ తోటలలోనే పనిచేయుచున్నారు. ఈ పాఠమును పరీక్ష కొరకే దాచుకొనక ఇంటివారికి, ముఠా మేస్త్రీకి చెప్పుడు. గట్టుమీద నీళ్లకుండ, స్త్రీలకు మరుగు, మిట్టమధ్యాహ్నము విరామము ఏర్పడినచో దేహము తన పనిని తాను చక్కగా చేసికొనగలదు.