శీతదేశమున సొంత పనిశాల

మనదేశపు వడ్రంగికి వేపచెట్టు నీడ యున్న చాలును. రంపమును, ఉలిని, చిత్రికను సంచిలోనుండి తీసి నేలమీద పరచుకొని పని మొదలుపెట్టును. వానకాలమున మాత్రమే అతనికి తలపై కప్పు కావలసివచ్చును. ఇట్టి అలవాటు గల మనకు, పనికి ముందు పనిచోటును కట్టుకొనవలసిన దేశములు కలవనిన వింతగా తోచును. ఉత్తర అమెరికాలో మిన్నసోటా రాష్ట్రమునందలి డులూత్ పట్టణము అట్టిది. అది సుపీరియరు మహాసరస్సు యొక్క పడమటి కొసను ఉన్నది. జనవరి నెలలో అచ్చటి సగటు ఉష్ణోగ్రత సున్నకు దిగువ సుమారు 12 డిగ్రీలు సెంటిగ్రేడు. కొన్ని రాత్రులు 30 డిగ్రీల దిగువకును పోవును. ఆ ప్రాంతమున ఇంటిప్రక్కను కారు నిలుపుటకు గ్యారేజి యను కొట్టము ఉండుట సామాన్యము. కొయ్యపనియందును, ఇనుపపనియందును, కారు మరమ్మతునందును అభిలాష గలవారు దానినే పనిశాలగా చేసికొందురు. మన తెలుగువారు అనేకులు ఇప్పు డిట్టి చలిరాష్ట్రములలో కాపురమున్నారు. పై తరగతులలో మనము చదువు ఉష్ణశాస్త్రమునకు ఇంతకంటె మంచి ఉదాహరణము దొరకుటయు అరుదు. ఈ రెండు కారణములచేత ఈ పాఠమును వ్రాయుచున్నాను.

అట్టి పనిశాలకు శత్రువు చలియని ఎల్లరును అనుకొందురు. చలి బాధయే, కాని దళసరి కోటు తొడిగికొని కొంతవరకు ఓర్చుకొనవచ్చును. పునాదిని పైకెత్తునది, పనిముట్లను తుప్పు పట్టించునది, గోడలను లోలోపల కుళ్లించునది నీరు. చలి ఆ నీటికి త్రోవ చూపును. నేల మొదలు దీపముల వరకు ప్రతి ఏర్పాటును ఈ దృష్టితోనే చూడవలెను.

నీరు గడ్డకట్టునపుడు దాని పరిమాణము నూటికి సుమారు 9 వంతులు పెరుగునని చదివియున్నారు. చలికాలమున నేల ఉబ్బి కట్టడముల నెత్తివేయుటకు ఇదియే కారణమని పూర్వము తలచిరి. అమెరికా భూగర్భశాస్త్రజ్ఞుడు స్టీఫెన్ టేబరు 1929, 1930 సంవత్సరములలో ప్రకటించిన వ్యాసములందు ఆ కారణము చాలదని చూపెను. బెంజీను అను ద్రవము గడ్డకట్టునపుడు వ్యాకోచింపదు, సంకోచించును. దానితో తడిపిన మట్టిని గడ్డకట్టించి చూడగా, ఆ మట్టియు ఉబ్బెను! కావున ఉబ్బుటకు ముఖ్యకారణము వేరొకటి. గడ్డకట్టుచున్న పొర, దీపపు వత్తి నూనెను పీల్చినట్లు, క్రిందినుండి తడిని పైకి లాగుకొనును. అట్లు చేరిన నీరు మట్టి నడుమ పలకలు పలకలుగా మంచుగడ్డయై, పైనున్న బరువును ఎత్తును. సన్నని ఒండ్రుమట్టిలో ఈ పీల్చుట అధికము. గులకరాళ్లలో దాదాపు లేనేలేదు.

ఈ సంగతి తెలిసినవానికి పునాది వేయు పద్ధతి సగము తెలిసినట్లే. చలి దిగలేనంత లోతునకు పునాదిని దింపుట ఒక పద్ధతి. మిన్నసోటా కట్టడపు నిబంధనలలో ఆ లోతు ఉత్తరపు జిల్లాలకు 60 అంగుళములు, దక్షిణపు జిల్లాలకు 42 అంగుళములు. మరియొక పద్ధతి స్కాండినేవియా దేశములలో విస్తారముగా వాడుకలో ఉన్నది. అందు పునాదిని లోతుగా దింపరు. దాని అంచుల వెంట నేలలో గట్టి నురుగుపలకలను పరచి, భూమిలోని వేడి పైకి పోకుండ కాపాడుదురు. పద్ధతి యేదైనను గచ్చు క్రింద గులకరాళ్ల పరుపును, నీరు బయటికి పోవు దారియు ఉండవలెను. ఆ పరుపుమీద నురుగుపలక, దానిపై పాలిథీను రేకు, అటుపైని కాంక్రీటు. ఉష్ణమును ఆపుటలో ఒక అంగుళపు నురుగుపలక 40 అంగుళములకు పైబడిన కాంక్రీటుతో సాటియగును. గచ్చులో వేడినీటి గొట్టములు ఇముడ్చుకొనగోరువారు కాంక్రీటు పోయుటకు ముందే నిశ్చయించుకొనవలెను; పోసిన తరువాత ఎంత ధనమున్నను కష్టమే. కొరియా దేశస్థులు పొయ్యి పొగను నేలక్రిందుగా నడపి ఇండ్లను వెచ్చగా ఉంచుకొనుట ప్రాచీనకాలమునుండియు కలదు. ఈ గొట్టముల యుపాయము ఆ జాతిలోనిదే.

ఇక కొలతలు. ఒక కారును, ఒకడు పనిచేయు చోటును కలిసి 24 అడుగుల వెడల్పు, 28 అడుగుల పొడవు ఉన్న సుఖముగా నుండును. ఆ దేశమున అతుకు చెక్కలు 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పున అమ్ముదురు. అట్టి చెక్కను రంపపుయంత్రము గుండ త్రోయుటకు యంత్రమునకు ముందు 8 అడుగులు, వెనుక 8 అడుగులు ఖాళీ కావలెను. పనిబల్లను కిటికీ క్రింద, వీలైన దక్షిణపు గోడకు, పెద్ద తలుపునకు దూరముగా నుంచవలెను. ఉత్తరార్ధగోళమున చలికాలపు సూర్యుడు దక్షిణముననే వంగియుండును గదా.

గోడల విషయమున లెక్క చేసి చూతము. పైని చెప్పిన కొట్టమునకు నాలుగు గోడలును 9 అడుగుల ఎత్తున్నచో వైశాల్యము సుమారు 87 చదరపు మీటర్లు. తలుపులను ప్రస్తుతము లెక్కింపకుందము. లోపల 10 డిగ్రీలు, వెలుపల సున్నకు దిగువ 20 డిగ్రీలు అనుకొనుడు, భేదము 30. వట్టి పలకల గోడ ఒక్కొక చదరపు మీటరునకు, ఒక్కొక డిగ్రీ భేదమునకు, సుమారు 2½ వాట్ల వేడిని పోగొట్టుకొనును. 87ను 2½చేతను, 30చేతను గుణించిన 6,525 వాట్లు. స్తంభముల నడుమ 5½ అంగుళముల మందమున గాజునూలు దూర్చినచో ఆ 2½ అంకె సుమారు 0.35 అగును. అపుడు నష్టము దాదాపు 914 వాట్లే. ఏడవవంతునకు దిగినది! గాజునూలు వెల ఒక్కసారి ఇచ్చునది. వేడి వెల ప్రతి చలికాలమును ఇచ్చునది. వేడిగాలి పైకి పోవునది కనుక లోకప్పునకు గోడలకంటెను మందముగా దూర్చవలెను. 16 అడుగుల వెడల్పు గల కారు తలుపే అన్నిటికంటె బలహీనమైన చోటు. లోపల నురుగు నింపిన తలుపును, క్రిందియంచున రబ్బరుపట్టీయు లేనిచో గోడలకు పడిన శ్రమ కొంత వ్యర్థమగును.

గాజునూలు దూర్చిన మాత్రమున గోడ పూర్తికాలేదు. 15 డిగ్రీల గాలి ఒక ఘనపు మీటరున 12½ గ్రాములకు మించి నీటియావిరిని ఇముడ్చుకొనగలదు. సున్నకు దిగువ 15 డిగ్రీల గాలి 1½ గ్రామునకు మించి ఇముడ్చుకొనలేదు. గదిలోని వెచ్చని ఆవిరి గోడలోనికి చొచ్చి, వెలుపలి పలకను తాకి, అచ్చటనే మంచుగా పేరుకొనును. వసంతమున అది కరిగి కొయ్యను కుళ్లించును. అందుచేత గోడకు వెచ్చనివైపున, అనగా గదివైపున, పాలిథీను రేకు సందులేకుండ కొట్టవలెను. వెలుపలివైపున కొట్టిన ఆవిరిని గోడలోనే బంధించినట్లగును. మన సముద్రతీర పట్టణములలో యంత్రముతో చల్లార్చు గదులకు ఈ దిక్కు తారుమారగును. ఎందుచేతనో మీరే ఆలోచించి చెప్పుడు.

కాచుకొనుట మిక్కిలి జాగ్రత్త వలసిన విషయము. పొగగొట్టము లేని గ్యాసుపొయ్యిలను, కిరసనాయిలు పొయ్యిలను చవుకయని తెచ్చుకొనువారు కలరు. రసాయనశాస్త్రపు లెక్కప్రకారము 44 భాగముల ప్రొపేను మండిన 72 భాగముల నీరు పుట్టును. అనగా ఒక కిలో మండిన 1.6 కిలోల నీరు ఆవిరియై గదిలో నిలిచి, చల్లని ఉలిమీదను, రంపముమీదను చెమర్చును. తుప్పు అంతటితో పోవును గాని, రెండవ అపాయము ప్రాణాంతకము. మూసిన గదిలో నిప్పునకు గాలి చాలనపుడు కార్బను మోనాక్సైడు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత, అటుపై మరణము. మన యిండ్ల కుంపటి కిటికీలు మూయని చోట పుట్టినది. దానిని మూసిన గ్యారేజిలోనికి కొనిపోరాదు. తలుపు తెరచియున్నను లోపల కారు ఇంజను నడుపుచు నిలువరాదు. వెలుపలి గాలిని ఒక గొట్టమున తీసికొని, పొగను వేరొక గొట్టమున వెలుపలికే పంపు మూతపొయ్యి ఉత్తమము. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనదై నేలనంటి ప్రాకును గనుక, నిప్పురవ్వ పుట్టు భాగము గచ్చుకు 18 అంగుళముల పైన నుండవలెనని ఆ దేశపు నిబంధన. కార్బను మోనాక్సైడును పసిగట్టి కూయు చిన్న యంత్రము తప్పక గోడకుండవలెను. దాని వెల ఒక మంచి చిత్రిక వెలకంటె తక్కువ.

వారమంతయు గడ్డకట్టనిచ్చి శనివారము ఒక్కసారి మండించుట నా యభిప్రాయమున మంచి పద్ధతి కాదు. గాలి గంటలో వెచ్చనగును. పోతయినుపబల్ల అంత త్వరగా వెచ్చబడదు. ఐసునీళ్ల గ్లాసునకు చెమట పట్టినట్లే దానికిని పట్టును. ఎల్లప్పుడును 5 డిగ్రీలకు తగ్గకుండ నుంచి, పనివేళ 15 వరకు పెంచుకొనిన ఇనుము పొడిగా నుండును. వైసునకును, యంత్రపు బల్లలకును మైనము రుద్దుట మరింత మేలు.

తక్కిన సామగ్రి గూర్చి కొలదిగా చెప్పెదను. కొయ్య నతుకు తెల్లజిగురు సుమారు 10 డిగ్రీలకు దిగువ సరిగా పట్టక సుద్దవలె పొడియగును. నీటితో కలిపిన రంగులు గడ్డకట్టిన చెడిపోవును. ఈ రెంటిని ఇంటిలోనే దాచవలెను. లిథియము బ్యాటరీలను సున్నకు దిగువ చార్జి చేయరాదు. గొట్టపుదీపములు చలికి మసకబారును, ఎల్.ఇ.డి. దీపములు చలిని లెక్కచేయవు. ఆ దేశమున సామాన్యముగా వాడు విద్యుత్తు 120 వోల్టులు. పెద్ద యంత్రములకును విద్యుత్పొయ్యికిని 240 వోల్టుల వేరు తీగలు కావలెను. వీనిని గోడ మూయుటకు ముందే, అనుమతిగల పనివానిచేత వేయించవలెను. తడినేలమీద నిలిచి పనిచేయు చోటు గనుక, విద్యుత్తు దారితప్పిన వెంటనే తెగిపోవు మీట ప్రతి త్రోవకును ఉండవలెను.

ఆ తడి యెక్కడిదందురా? వీధినుండి వచ్చిన కారు తన చక్రముల సందులలో మంచును మోసికొని వచ్చును. పది కిలోల మంచు కరిగిన పది లీటర్ల నీరు; అందు రోడ్లపై చల్లిన ఉప్పును కలిసియుండును. ఉప్పునీరు కాంక్రీటును తినును, ఇనుమును అంతకంటె వేగముగా తినును. అందుచేత కారు నిలుపు సగమునకు గచ్చును అడుగునకు పావు అంగుళము చొప్పున పెద్ద తలుపువైపునకు వాటముగా పోయుదురు. యంత్రములను రెండవ సగమున కొయ్యదిమ్మలపై నెత్తియుంచుదురు.

చలికాలము గడచిన పిదప ఏప్రిలు, మే మాసములలో వెచ్చని తడిగాలి వీచు దినము వచ్చును. ఎండ చూచి సంతోషముతో పెద్ద తలుపును బార్లా తెరువ బుద్ధిపుట్టును. లోపలి ఇనుమింకను శీతకాలపు చలియందే యుండును గనుక, ఆ గాలి తగిలిన కొన్ని నిమిషములలోనే ప్రతి పనిముట్టును చెమర్చును. ఆ దినమున తలుపు మూసియుంచి, పొయ్యిని చిన్నగా వెలిగించి, ఇనుము వెలుపలి గాలియంత వెచ్చబడిన పిదప తెరువవలెను.